డబ్బుండీ బాకీ పడ్డ దేశం

2022 మే 20న రష్యా ఆర్థిక శాఖ తన విదేశీ బాండ్ల మీద రెండు వడ్డీ వాయిదాలు వారం ముందే కట్టేసింది. 2026లో తీరాల్సిన డాలరు బాండుకు 7.125 కోట్ల డాలర్లు, 2036లో తీరాల్సిన యూరో బాండుకు 2.65 కోట్ల యూరోలు. అసలు గడువు మే 27. అంత తొందరకు కారణం ఉంది. రష్యా ఆర్థిక శాఖతో లావాదేవీలను అమెరికా ఫిబ్రవరి 28నే నిషేధించింది కానీ, పాత బాండ్ల మీద వడ్డీ, అసలు తీసుకోవడానికి మాత్రం బాండుదారులకు ఒక సాధారణ లైసెన్సు ఇచ్చింది. ఆ లైసెన్సు మే 25తో ముగిసింది. దాన్ని పొడిగించలేదు. డబ్బు మాస్కోలోని జాతీయ సెటిల్‌మెంట్ డిపాజిటరీ నుంచి బ్రసెల్స్‌లోని యూరోక్లియర్ అనే బాండ్ల సెటిల్‌మెంట్ సంస్థ దాకా వెళ్లి ఆగిపోయింది. 30 రోజుల అదనపు గడువు జూన్ 26న తీరింది. మర్నాడు రేటింగ్ సంస్థ మూడీస్ దాన్ని డిఫాల్ట్, అంటే వాయిదా తప్పడం, అని ప్రకటించింది.

విదేశీ కరెన్సీ అప్పులో రష్యా మాట తప్పడం 1918 తర్వాత అదే మొదటిసారి. 1998 నాటి గండం ప్రధానంగా రూబుల్ బాండ్లది. 1918లో బోల్షెవిక్కులు ‘జార్ చక్రవర్తి చేసిన అప్పు మాది కాదు’ అన్నారు. 2022లో క్రెమ్లిన్ ‘మేం కట్టాం, మీరే అందనివ్వలేదు’ అంది. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరమున్నా బాండు పత్రం వాటిని ఒకే గాటన కట్టేస్తుంది.

మన పత్రికలు దీన్ని ‘రుణ ఎగవేత’ అని రాశాయి. ఎగవేత అంటే కావాలని ఎగ్గొట్టడం. కొన్నిచోట్ల ‘దివాలా’ అని కూడా కనబడింది, అది ఇంకా తప్పు. వ్యాపారి చేతులెత్తేస్తే ‘ఐపీ పెట్టాడు’ అంటాం, అంటే కోర్టులో దివాలా పిటిషన్ వేశాడని. దేశం ఐపీ పెట్టడానికి ప్రపంచంలో ఎక్కడా కోర్టు లేదు. ఉన్నవి కాంట్రాక్టులు, కాంట్రాక్టుల మీద తీర్పులిచ్చే లండన్, న్యూయార్క్ కోర్టులు, ఆ తీర్పులు అమలు కాకుండా అడ్డుపడే సార్వభౌమ రక్షణ, అంటే ఒక దేశాన్ని ఇంకో దేశపు కోర్టు కట్టడి చేయకూడదన్న సూత్రం. ఆంక్షలు వచ్చి చేరాక వీటన్నిటి మీదా ఇంకో అంతస్తు లేస్తుంది. అది లైసెన్సు. నేను చెప్పదలచుకున్నది ఇదే: ఆంక్షల కింద పడ్డ దేశపు అప్పు విషయంలో నిర్ణయం జడ్జి చేతిలోంచి లైసెన్సు గుమాస్తా చేతిలోకి జారిపోయింది. డిఫాల్ట్ అనే ముద్ర గురించి జరిగిన గొడవంతా దాని ముందు చిన్నది.

ముందు ఆ ముద్ర సంగతి. ‘కట్టాం’ అన్న రష్యా వాదన ఎందుకు నిలవదంటే, అంతర్జాతీయ బాండుల్లో బాకీ తీరేది అప్పుదారు పంపినప్పుడు కాదు, బాండుదారుకు ముట్టినప్పుడు. మధ్యలో ఉన్న చెల్లింపు ఏజెంటు సాధారణంగా అప్పు తీసుకున్నవాడి మనిషి. ఏజెంటు దగ్గర డబ్బు ఆగితే నష్టం అప్పుదారుదే. ట్రస్టీ ఉన్న బాండుల్లో లెక్క వేరుగా ఉండొచ్చు, అక్కడ ట్రస్టీ బాండుదారుల తరఫు మనిషి. అందుకే ఆంక్షల భయం ఉన్న దేశపు కాగితం చేతికొస్తే మొదట చూడాల్సింది వడ్డీ శాతం కాదు, ‘ఎవరికి ముడితే బాకీ తీరినట్టు’ అనే షరతు.

రెండోది, ఏ నాణెంలో ముట్టాలన్నది. రష్యాకు అప్పట్లో 15 విదేశీ బాండ్లు, సుమారు 4,000 కోట్ల డాలర్ల బాకీ ఉంది. 2014లో క్రిమియా ఆంక్షలు తగిలాక జారీ చేసిన బాండ్లలో ప్రత్యామ్నాయ కరెన్సీ షరతు పెట్టడం మొదలుపెట్టారు: తన చేతిలో లేని కారణాల వల్ల డాలర్లలో కట్టలేకపోతే యూరో, పౌండు, స్విస్ ఫ్రాంకుల్లో కట్టొచ్చని. 2018 నుంచి వచ్చిన వాటిలో రూబుల్ కూడా చేరింది. మే 27 జంటలో 2036 బాండుకు రూబుల్ వెసులుబాటు ఉంది, 2026 బాండుకు లేదు. అంటే ఒకే రోజు గడువున్న రెండు వాయిదాల్లో, రూబుళ్లలో కట్టడం ఒకదానికి చెల్లుబాటు కావచ్చు, ఇంకోదానికి కాదు. ఇంత తేడా ఉన్నా వార్తల్లో రెండూ కలిసే ‘రష్యా డిఫాల్ట్’ అయిపోయాయి.

రూబుళ్లిస్తే తీసుకోవాల్సిందేనా? బాండు మీదే కాకపోయినా బ్రిటన్ సుప్రీం కోర్టు 2024 మేలో దీనికి దగ్గరి ప్రశ్నకు జవాబిచ్చింది. ఆర్‌టీఐ, ఎంయూఆర్ షిప్పింగ్ మధ్య కేసు అది. సరుకు రవాణా ఒప్పందం, చెల్లింపు డాలర్లలో అని రాసుకున్నారు. ఒక పక్షం మాతృసంస్థ మీద అమెరికా ఆంక్షలు పడ్డాయి. యూరోల్లో ఇస్తాం, మార్పిడి ఖర్చు కూడా మేమే పెట్టుకుంటాం అన్నారు. అవతలివాళ్లు వద్దన్నారు. వద్దనే హక్కు వాళ్లకు ఉందని కోర్టు చెప్పింది: అడ్డంకి తొలగించడానికి సహేతుక ప్రయత్నం చేయాలన్న షరతు, ఒప్పందంలో లేని నాణెం పుచ్చుకోమని బలవంతపెట్టదు. యూరోకే ఈ గతి పడితే, బయటికి తీసుకెళ్లలేని రూబుల్ గతి చెప్పక్కర్లేదు. 2022 జూన్ 22న వచ్చిన రష్యా డిక్రీ, బాండుదారులు రష్యా బ్యాంకులో ఖాతా తెరుచుకుంటే అందులో రూబుళ్లు వేస్తామంది. అప్పులవాడు తన ఇంట్లోనే హుండీ పెట్టుకుని, అందులో వేశాను, నీ బాకీ తీరిపోయిందన్నట్టు.

దీనికి ముందు ఏప్రిల్‌లో జరిగింది చాలామంది మరిచిపోయారు. ఏప్రిల్ 4న కట్టాల్సిన సుమారు 64.9 కోట్ల డాలర్లను అమెరికా ట్రెజరీ ఆపేసింది. అమెరికా బ్యాంకుల్లో స్తంభింపజేసిన నిల్వల్లోంచి తీయొద్దు, విడిగా ఉన్న డాలర్లు ఉంటే తెచ్చి కట్టు అంది. రష్యా మొదట రూబుళ్లు వేసింది. మరో రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ దాన్ని పాక్షిక డిఫాల్ట్ అంది. నెలాఖరుకు, అదనపు గడువు ముగియకముందే, రష్యా వేరే డాలర్లు తెచ్చి కట్టింది. కథ ముగిసిందనుకున్నారు. కానీ ఆలస్యమైన రోజులకు పడిన అదనపు వడ్డీ, కేవలం 19 లక్షల డాలర్లు, కట్టలేదు. డిఫాల్ట్ బీమా అనదగ్గ సీడీఎస్ ఒప్పందాలకు తీర్పు చెప్పే కమిటీ జూన్ 1న ఆ 19 లక్షల్నే పట్టుకుని ‘చెల్లింపు వైఫల్యం’ అని తేల్చింది. ఆరున్నర వందల మిలియన్లు కట్టిన దేశం చిల్లర దగ్గర దొరికిపోయింది. చిల్లరే కదా అని వదిలేస్తే కాంట్రాక్టు చట్టం వదలదు.

అక్కడితో బీమా డబ్బులు వచ్చేశాయా? లేదు. సీడీఎస్ పరిష్కారానికి వేలం వేయాలి, వేలంలో ఆ బాండ్లు చేతులు మారాలి. జూన్ 6న అమెరికా ట్రెజరీలో ఆంక్షలు చూసే విభాగం ఓఫాక్, అమెరికన్లు రష్యా బాండ్లు కొనకూడదని స్పష్టం చేసింది. అమ్ముకోవచ్చు, కొనకూడదు. కొనేవాళ్లు లేని వేలం ఎలా జరుగుతుంది? జూలై 22న ప్రత్యేకంగా దీని కోసమే లైసెన్సులిచ్చాక, సెప్టెంబరు 12న వేలం జరిగి ధర వందకు 56.125 దగ్గర తేలింది. డిఫాల్ట్ జరిగిందని తేల్చింది ఒక కమిటీ. ఆ తేల్చిన దానికి విలువ కట్టుకునే వీలు కల్పించింది మాత్రం ఒక ప్రభుత్వ కార్యాలయం. నేను పైన అన్న లైసెన్సు గుమాస్తా ఇతనే.

ఇక్కడ ఒక పాత కేసు చెప్పుకోవాలి, మన దేశం నుంచే బయల్దేరింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కలకత్తా నుంచి బార్సిలోనాకు జనపనార తీసుకెళ్లడానికి రాలీ బ్రదర్స్ అనే వ్యాపార సంస్థ వాళ్లు టన్నుకు 50 పౌండ్ల చొప్పున ఓడ కిరాయికి ఒప్పుకున్నారు. ఈలోగా స్పెయిన్ టన్నుకు 875 పెసెటాలకు మించి కిరాయి చెల్లదని చట్టం చేసింది. కిరాయిలో సగం చెల్లించాల్సింది అక్కడే. మిగతా సొమ్ము ఇవ్వక్కర్లేదని 1920లో ఇంగ్లిష్ కోర్టు తీర్పిచ్చింది. ఏ చోట చెల్లించాలో ఆ చోటి చట్టం నిషేధిస్తే ఒప్పందాన్ని అమలు చేయమని బలవంతపెట్టలేం అన్నది సూత్రం. నేటికీ ఆంక్షల కేసుల్లో ప్రతి లాయరూ మొదట తిరగేసేది ఈ జనపనార కేసే.

దీని కత్తికి రెండో అంచు 1987లో కనిపించింది. 1986 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ లిబియా ఆస్తుల్ని స్తంభింపజేశాడు. లిబియా బ్యాంకుకు అమెరికన్ బ్యాంకు బ్యాంకర్స్ ట్రస్ట్ లండన్ శాఖలో 13.1 కోట్ల డాలర్లున్నాయి. మా ప్రభుత్వం ఇవ్వొద్దంది అన్నది బ్యాంకు. ఆ ఖాతా ఇంగ్లిష్ చట్టం కిందది, చెల్లించాల్సిన చోటు లండన్, న్యూయార్క్ ద్వారానే పంపాలని ఎక్కడా లేదు, కావాలంటే నగదు లెక్కపెట్టి ఇవ్వు అన్నాడు జస్టిస్ స్టాటన్. డబ్బు ప్రయాణించే దారిలో నిషేధం ఉండటం వేరు, చేరాల్సిన చోట నిషేధం ఉండటం వేరు. ఆంక్షల్ని సాకుగా చూపే ప్రతి అప్పుదారూ తడబడేది ఈ తేడా దగ్గరే.

మరి రష్యా ఈ వాదనలతో లండన్ కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటే, అసలు తమాషా అక్కడుంది. ఆ బాండ్లు ఇంగ్లిష్ చట్టం కింద రాసినవే గానీ, ఏ కోర్టు పరిధికీ తలొగ్గుతామని రష్యా వాటిలో ఒప్పుకోలేదు, సార్వభౌమ రక్షణనూ వదులుకోలేదు. లండన్ చట్టం, ఏ ఊరి జడ్జీ లేడు. వడ్డీ బాగుందని కళ్లు మూసుకుని కొన్న పెద్ద పెద్ద ఫండ్లు ఈ ఖాళీని చూడలేదనుకోను. చూసీ చూడనట్టు ఊరుకున్నాయి, అంతే.

బాండు మొత్తంలో 25 శాతం ఉన్నవాళ్లు కలిసి నోటీసు ఇస్తే అసలంతా ఒకేసారి బాకీ పడుతుందన్నది ఇలాంటి బాండ్లలో మామూలు నియమం. అలా చేసి కోర్టులో గెలిచారనుకుందాం. మన సివిల్ కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు, డిక్రీ రావడం ఒక ఎత్తు, ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి వసూలు చేసుకోవడం ఇంకో ఎత్తు. దేశాల దగ్గర ఆ రెండో ఎత్తు కొండంత. బాండు జారీ వ్యాపార కార్యకలాపమేనని, దావా వేయొచ్చని అమెరికా సుప్రీం కోర్టు 1992లోనే అర్జెంటీనా కేసులో తేల్చింది. కానీ జప్తు దగ్గరికొచ్చేసరికి, అమెరికాలో 1976 నాటి చట్టం, బ్రిటన్‌లో 1978 నాటి చట్టం కేంద్ర బ్యాంకు సొంత నిల్వల్ని గట్టిగా కాపాడతాయి. 2012లో ఘనాలోని టేమా రేవులో అర్జెంటీనా నౌకాదళపు తెరచాప ఓడ లిబర్తాద్‌ను ఒక రుణదాత పట్టించాడు. అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం రెండున్నర నెలల్లో విడిపించింది.

స్తంభించిన రష్యా నిల్వలు సుమారు 30,000 కోట్ల డాలర్లు. అందులో పెద్ద వాటా యూరోక్లియర్‌లోనే ఉంది. ఇంత డబ్బు కళ్ల ముందే ఉంది కదా, మన బాకీ దాంట్లోంచి తీసుకుందాం అని బాండుదారు అనుకోవడం సహజం. కుదరదు. అది రష్యా కేంద్ర బ్యాంకుది, బాకీ ఆర్థిక శాఖది. పైగా దాన్ని తాకాలంటే మళ్లీ లైసెన్సు కావాలి. ఆ డబ్బు మీద వస్తున్న లాభాల్ని ఉక్రెయిన్‌కు మళ్లించాలని యూరోపియన్ యూనియన్ 2024 మేలో తీర్మానించింది. అంటే వరుసలో బాండుదారు కంటే ముందు రాజకీయం నిలబడింది. యుద్ధ బాధితుడికి ముందు ఇవ్వడం తప్పని నేననను. కానీ వరుస ఎవరు నిర్ణయిస్తున్నారో బాండుదారు తెలుసుకోవాలి.

ఈ సంగతి ఇంకా నగ్నంగా కనిపించేది వెనెజువెలాలో. 2017 ఆగస్టులో ట్రంప్ ఆదేశం, ఆ ప్రభుత్వం కొత్తగా చేసే 30 రోజులకు మించిన అప్పులో అమెరికన్లు పాల్గొనడాన్ని నిషేధించింది, ప్రభుత్వ చమురు సంస్థ పీడీవీఎస్ఏకు 90 రోజుల హద్దు పెట్టింది. నవంబరులో అప్పటి అధ్యక్షుడు మదురో బాకీని పునర్వ్యవస్థీకరిస్తానన్నాడు. రుణ పునర్వ్యవస్థీకరణ అంటే పాత బాండు ఇచ్చి, తగ్గించిన విలువతో కొత్త బాండు తీసుకోవడం. ఆ కొత్త బాండే నిషిద్ధమైన కొత్త అప్పు. ఎంత తగ్గించుకుందామన్నా సంతకం పెట్టే దారి లేదు. అదే నెలలో 20 కోట్ల డాలర్ల వాయిదా తప్పింది, అక్కడి నుంచి సుమారు 6,000 కోట్ల డాలర్ల బాండ్లు వరుసగా డిఫాల్ట్ అయ్యాయి. 2019 జనవరిలో అమెరికా మదురోను కాదని ప్రతిపక్ష నేత గ్వైడోను అధ్యక్షుడిగా గుర్తించడంతో ఇంకో చిక్కు: బేరం ఎవరితో? అప్పు దేశానిది, సంతకం ఎవరిది?

బేరం లేకుండా ఏళ్లు గడుస్తుంటే కాలదోషం ముంచుకొచ్చింది. ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. అందుకే మూడో ఏడు పూర్తయ్యేలోపు ఎంతోకొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు వేయించుకుంటారు, గడువు మళ్లీ మొదలవుతుంది. న్యూయార్క్ చట్టంలో ఒప్పంద దావాకు గడువు ఆరేళ్లు. 2017 చివర తప్పిన వాయిదాలకు 2023 చివరతో గడువు ముగుస్తుంది. కొందరు బాండుదారులు ముందుగానే న్యూయార్క్‌లో దావాలు వేశారు. 2023 మార్చిలో మదురో ప్రభుత్వం, తర్వాత ప్రతిపక్ష శాసనసభ, కాలపరిమితిని 2028 చివరిదాకా ఆపి ఉంచుతామని ప్రకటించాయి. ఒకే నోటు వెనక రెండు వైరి ప్రభుత్వాల చెల్లు! రెండింటిలో ఏది చెల్లుతుందో చూసుకోవాల్సిన బాధ బాండుదారులది. ఆంక్షల కింద ఉన్న కాగితం పట్టుకున్నవాడు క్యాలెండర్‌లో గుండ్రంగా గీసుకోవాల్సింది వడ్డీ తేదీలు కాదు, ఈ గడువు తేదీలు. వాయిదా వాయిదాకూ వేర్వేరుగా నడుస్తుంది, అసలుకు వేరు, వడ్డీకి వేరు.

కోర్టులో గెలిచినవాళ్లూ లైసెన్సు దగ్గరే ఆగారు. బంగారు గని లాక్కున్నారని క్రిస్టలెక్స్ అనే కెనడా కంపెనీ మధ్యవర్తిత్వంలో నెగ్గింది. పీడీవీఎస్ఏ ప్రభుత్వానికి మారువేషమేనని 2018లో డెలావేర్ కోర్టు ఒప్పుకుంది, 2019లో పై కోర్టు ఖాయం చేసింది. దాంతో పీడీవీఎస్ఏ చేతిలో ఉన్న, అమెరికాలోని సిట్గో రిఫైనరీల మాతృసంస్థ షేర్లు అమ్మకానికి వచ్చాయి. కానీ జడ్జి సుత్తి కొట్టినంత మాత్రాన అమ్మకం పూర్తి కాదు, ఓఫాక్ లైసెన్సు రావాలి. సిట్గో షేర్లను తాకట్టుగా పెట్టిన పీడీవీఎస్ఏ 2020 బాండుకైతే తాకట్టు పట్టుకునే లైసెన్సు నంబరు 5 ఉంది, గడువు దగ్గరపడిన ప్రతిసారీ దాన్ని ఇంకొన్నాళ్లు వాయిదా వేస్తూ వచ్చారు. తాకట్టు ఉంది, పత్రం ఉంది, తాళం చెవి మాత్రం వేరేవాళ్ల మొలకు కట్టి ఉంది.

వడ్డీ ఎవరి నెత్తిన పడుతుందన్నది దీనికి తిరగేసిన ప్రశ్న. అప్పుదారు మీద ఆంక్షలుంటే వడ్డీ పెరుగుతూనే పోతుంది. రుణదాత మీద ఉంటే? షా కాలంలో ఇరాన్ 1,500 చీఫ్‌టన్ ట్యాంకులకు బ్రిటన్‌కు డబ్బు కట్టింది, 1979 విప్లవం నాటికి అందినవి 185. మిగతా డబ్బు వాపసు కోసం దశాబ్దాల పోరు నడిచింది. ఇరాన్ రక్షణ శాఖ యూరోపియన్ యూనియన్ ఆంక్షల జాబితాలో ఉన్న కాలానికి వడ్డీ రాదని లండన్ కోర్టు 2019లో అంది, అప్పీలు కోర్టు 2020లో సమర్థించింది. ఆ ఆంక్షల్లో ‘దావా చెల్లదు’ అనే నిబంధన వడ్డీని కూడా మింగేసింది. చివరికి 2022 మార్చిలో బ్రిటన్ 39.38 కోట్ల పౌండ్లు చెల్లించింది. ఇదే రకం నిబంధన రష్యా మీది ఆంక్షల్లోనూ ఉంది.

మన దేశం అటూ ఇటూ రెండు పాత్రలూ వేసింది. ఇరాన్ చమురు కొని డబ్బు పంపే దారి మూసుకుపోతే 2012 నుంచి 45 శాతం యూకో బ్యాంకులో రూపాయల్లో వేశారు. మిగతాది పేరుకుపోయి సుమారు 650 కోట్ల డాలర్లయింది, 2016లో ఆంక్షలు సడలాకే తీర్చారు. ఇటువైపు వెనెజువెలాలోని శాన్ క్రిస్తోబల్ క్షేత్రంలో ఓఎన్‌జీసీ విదేశ్‌కు రావాల్సిన డివిడెండ్లు 50 కోట్ల డాలర్లకు పైగా ఏళ్ల తరబడి ఇరుక్కుపోయాయి. బయటి దేశాల్లో వాటాలు కొనే మన కంపెనీలు భూగర్భ నివేదిక మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు చెల్లింపు షరతు మీద పెట్టినా బాగుండేది: ఏ నాణెం, ఏ బ్యాంకు, బ్యాంకు దారి మూసుకుంటే సరుకు రూపంలో తీసుకునే హక్కు, ఆగిన కాలానికి కాలపరిమితి నడవదన్న లిఖిత ఒప్పందం.

ఐక్యరాజ్య సమితి విధించిన ఆంక్షలైతే చిత్రం పూర్తిగా మారుతుంది. 1991లో భద్రతా మండలి 687వ తీర్మానం, ఇరాక్ తన విదేశీ అప్పును కాదనడం చెల్లదని చెప్పింది. 2003లో 1483వ తీర్మానం ఇరాక్ చమురు డబ్బును జప్తు చేయకుండా అన్ని దేశాల్లోనూ రక్షణ కల్పించింది. అది 2011 జూన్ దాకా కొనసాగింది. ఆ గొడుగు కింద 2004లో అప్పులిచ్చిన దేశాల బృందం పారిస్ క్లబ్ 80 శాతం బాకీ మాఫీ చేసింది. తాళం వేసిన చేతే తీసింది, తీసేటప్పుడు దొంగలు పడకుండా కాపలా కాసింది. ఒక దేశమో, కొన్ని దేశాలో సొంతంగా విధించే ఆంక్షల్లో ఈ రెండో సగం ఉండదు. రష్యా, వెనెజువెలా బాకీల మీద నాకున్న ప్రధాన అభ్యంతరం ఇదే: నిషేధాన్ని రాసిన రోజే బయటపడే దారి కూడా రాయకపోవడం.

రష్యా కూడా ఇప్పుడు రుణదాత బెంచీ మీద కూర్చుని ఉంది. 2013 డిసెంబరులో అప్పటి ఉక్రెయిన్ అధ్యక్షుడు యానుకోవిచ్ ప్రభుత్వం జారీ చేసిన 300 కోట్ల డాలర్ల ఉక్రెయిన్ బాండును 5 శాతం వడ్డీకి మొత్తంగా కొన్నది రష్యా జాతీయ సంక్షేమ నిధే. ఉక్రెయిన్ 2015 డిసెంబరులో కట్టలేదు. ట్రస్టీ లా డిబెంచర్ లండన్‌లో దావా వేసింది. బలప్రయోగంతో బెదిరించి సంతకం పెట్టించారన్న ఉక్రెయిన్ వాదన మీద పూర్తి విచారణ జరగాలని 2023 మార్చిలో సుప్రీం కోర్టు చెప్పింది. అందులో ఒకవేళ రష్యా గెలిచినా, ఆ డబ్బు సంక్షేమ నిధికి చేర్చాలంటే ట్రస్టీ ముందు ఆంక్షల కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి.